తుపాకీ లైసెన్సు బడి గేటు వరకే

పల్నాడులో చాలా ఊళ్లలో ఆదివారం ఆరాధన జరిగే ఆవరణా, సోమవారం పిల్లలు పాఠాలు వినే ఆవరణా ఒకటే. 1842లో గుంటూరు చేరిన హయ్యరు దొరగారు ఆ తరువాత కొన్నేళ్లకు గురజాల వచ్చి సేవ చేసిన నాటి నుండీ మన ప్రాంతంలో సంఘమూ బడీ కలిసే పెరిగాయి. ఈనాటికీ మందిరానికీ పాఠశాలకూ ఒకే ప్రహరీగోడ, ఒకే గేటు ఉన్న చోట్లు మనకు తెలిసినవే ఎన్నో. ఉజ్జీవ సభలకు పందిరి వేసేది పాఠశాల మైదానంలోనే. ఎన్నికలు వస్తే పోలింగు కేంద్రం పెట్టేదీ ఎక్కువగా బడి గదుల్లోనే.

అటువంటి ఆవరణలోకి లైసెన్సు ఉన్న తుపాకీ రావచ్చునా? సభల కాలం దగ్గరపడుతున్నప్పుడు సంఘ పెద్దలు తెలిసికొని ఉండవలసిన సంగతి ఇది. సూటిగా చెబుతున్నాము: రాకూడదు. కలెక్టరు గారి ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప రాకూడదు. ఇది మా సలహా కాదు. తుపాకీ లైసెన్సు షరతులలోనే ఉన్న మాట. లైసెన్సు దాచుకున్నవారిలో ఆ షరతులు చదివినవారు తక్కువ.

ముందుగా, మన సంఘాలలో తుపాకీలు ఎవరి దగ్గర ఉంటాయి అని కొందరు నవ్వవచ్చు. ఉంటాయి. సైన్యంలో పనిచేసి వచ్చి బ్యాంకు గార్డులుగా కుదిరిన సహోదరులు సొంత తుపాకీ, సొంత లైసెన్సు పెట్టుకుని ఉద్యోగం చేస్తారు. అడవి పందుల బెడదకు తాతల కాలంలో తీసుకున్న సింగిల్ బ్యారెల్ తుపాకీ కొన్ని ఇళ్లలో అటక మీద ఉంటుంది. వ్యాపారస్తులు, గుత్తేదారులు, రాజకీయాలలో తిరిగేవారు ఆత్మరక్షణకని రివాల్వరు తీసుకుంటారు. వీరిలో మన విశ్వాసులు ఉన్నారు, మన సభలకు ముఖ్య అతిథులుగా వచ్చేవారూ ఉన్నారు.

ఇక చట్టం సంగతి. మన దేశంలో తుపాకీలకు సంబంధించిన మూల చట్టం 1959 నాటి ఆయుధాల చట్టం. దాని కింద ఇప్పుడు అమలులో ఉన్నవి 2016 నాటి ఆయుధాల నియమాలు. అంతకుముందు 1962 నాటి నియమాలు ఉండేవి. వ్యక్తిగత రక్షణకో, పంట కాపుదలకో, క్రీడకో ఇచ్చే లైసెన్సుకు కొన్ని షరతులు జతచేసి ఉంటాయి. వాటిలో ఒకదాని భావం ఇది: లైసెన్సుదారుడు ఏ ప్రయోజనం కోసం ఆయుధం పొందాడో ఆ ప్రయోజనానికి మాత్రమే సద్బుద్ధితో దానిని వెంట తీసుకువెళ్లాలి. లైసెన్సు ఇచ్చిన అధికారి ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఆ ఆయుధాన్ని తిరునాళ్లకుగాని, మతపరమైన ఊరేగింపునకుగాని, మరే ఇతర బహిరంగ సమావేశానికిగాని, విద్యాసంస్థ ఆవరణలోనికిగాని తీసుకుపోరాదు.

నాలుగు చోట్లు చెప్పారు. ఆ నాలుగూ మనవే. తిరునాళ్లంటే మన జిల్లాలో ఎవరికైనా ముందు జ్ఞాపకం వచ్చేది మహాశివరాత్రినాటి కోటప్పకొండ. ప్రభల వెంట వేలాదిమంది నడిచే చోట చొక్కా కింద రివాల్వరు ఉండకూడదని ప్రభుత్వం అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే అదే షరతు మన మట్టల ఆదివారపు ఊరేగింపుకూ, శుభశుక్రవారపు సిలువ యాత్రకూ, క్రిస్మసు ముందు వీధుల్లో తిరిగే పాటల బృందానికీ వర్తిస్తుంది. మతపరమైన ఊరేగింపు అన్నప్పుడు ఏ మతమన్న భేదం లేదు. మైదానంలో పందిరి వేసి మైకు పెట్టి ఊరందరినీ పిలిచే ఉజ్జీవ సభ బహిరంగ సమావేశమే. అది బడి మైదానంలో జరిగితే రెండు షరతులు ఒకేసారి మీరినట్లు.

మందిరంలో జరిగే మామూలు ఆదివారపు ఆరాధన బహిరంగ సమావేశం కిందికి వస్తుందా అన్నది వాదనకు లొంగే ప్రశ్న. తలుపులు అందరికీ తెరిచి ఉంచే కూడిక గనుక వస్తుందని భావించి నడుచుకోవడమే మేలని మా అభిప్రాయం. మందిరం బడి ప్రహరీలోపల ఉంటే మాత్రం వాదనే లేదు.

ఆవరణ అంటే ఎంతవరకు? మన షరతులో గజాలు, మీటర్లు లేవు. గేటు లోపలిది ఆవరణ. బడి ముందున్న రోడ్డు మీద లైసెన్సుదారుడు తన దారిన తాను పోతే ఈ షరతు అడ్డురాదు. కాని రోడ్డు మీదైనా తుపాకీ ఎలా తీసుకుపోవాలో 2016 నియమాలు చెబుతున్నాయి. చేతి తుపాకీ అయితే దానికి తగిన తోలు ఒరలోనో సంచిలోనో, పొడవు తుపాకీ అయితే దాని కవరులోనో పెట్టి, బయటికి కనిపించకుండా పూర్తిగా కప్పి, తన అదుపులో ఉంచుకుని వెళ్లాలి. బహిరంగ స్థలంలో దానిని తీసి చూపించడం, ఝళిపించడం నిషిద్ధం. కొందరు పెద్దమనుషులు నడుముకు పెట్టుకుని కండువా పక్కకు జరిపి మరీ కూర్చుంటారు. అందరికీ కనబడాలనే కదా ఆ జరపడం. నియమం వద్దన్నది సరిగ్గా దానినే.

కారులో పెట్టి, కారు బడి గేటు లోపల నిలిపితే? షరతు తీసుకుపోరాదు అంటున్నది. ఒంటి మీదా, డాష్‌బోర్డులోనా అని వేరుచేయలేదు. కారు గేటు బయట ఆపితే తుపాకీని కారులో వదిలిపెట్టినట్లు అవుతుంది, అది మరో ప్రమాదం. ఇంటి దగ్గర తాళం వేసి రావడమే దారి.

బ్యాంకు గార్డు సహోదరుల కష్టం మాకు తెలుసు. శనివారం రాత్రి కాపలా చేసి ఆదివారం ఉదయం నేరుగా ఆరాధనకు వచ్చేవారు ఉంటారు. భుజాన తుపాకీ ఉంటుంది, దానిని ఎక్కడ పెట్టాలి? మందిరం వెనుక గదిలోనో, పాస్టరు గారి బీరువాలోనో పెట్టడం మంచి ఉద్దేశంతో చేసే తప్పు. లైసెన్సు లేని మనిషి చేతికి తుపాకీ అప్పగిస్తే, ఒక గంటకైనా సరే, ఇద్దరికీ చిక్కే. లైసెన్సు లేకుండా తుపాకీ కలిగి ఉన్నందుకు 2019 సవరణ తరువాత శిక్ష రెండేళ్లకు తక్కువ కాకుండా ఐదేళ్ల వరకు, పైగా జరిమానా. పాస్టరుగారు తెలియక చేశారని చట్టం ఊరుకోదు. ఆ సహోదరుడు ఇంటికి వెళ్లి తుపాకీ భద్రపరచి రెండవ ఆరాధనకు వచ్చినా, ఆలస్యంగా వచ్చినా సంఘం ముఖం చిట్లించకూడదు.

ముఖ్య అతిథులతో వచ్చే గన్‌మెన్ సంగతి వేరు. ప్రభుత్వం కేటాయించిన పోలీసు అంగరక్షకుడు విధి నిర్వహణలో ఉన్న ప్రభుత్వోద్యోగి. అతనికి లైసెన్సు షరతులు వర్తించవు. అతిథి సొంతంగా జీతమిచ్చి పెట్టుకున్న మనిషి మాత్రం అలా కాదు, అతనికి అందరిలాగే షరతులన్నీ ఉన్నాయి. చూడడానికి ఇద్దరూ సఫారీ దుస్తులలోనే ఉంటారు గనుక గేటు దగ్గర నిలబడిన యవ్వనస్థుడికి తేడా తెలియదు. పిలిచే ముందే, ఉత్తరంలోనే, సభాస్థలం పాఠశాల ఆవరణ అని రాసి, ప్రైవేటు ఆయుధాలు తీసుకురావద్దని మర్యాదగా కోరడం నిర్వాహకుల పని. అతిథి నొచ్చుకుంటాడేమోనన్న భయంతో చాలామంది ఈ మాట రాయరు. కోపం వచ్చే అతిథి లేకుండానే సభ జరగడం మంచిది.

షరతు మీరితే ఏమవుతుంది? ఆయుధాల చట్టం 30వ సెక్షను ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది చిన్నదిగా కనబడవచ్చు. అసలు దెబ్బ 17వ సెక్షనులో ఉంది. షరతు మీరినవాని లైసెన్సును అధికారి నిలిపివేయవచ్చు, రద్దు చేయవచ్చు. బ్యాంకు గార్డుకు లైసెన్సు పోవడమంటే ఉద్యోగం పోవడమే.

2019 సవరణలో మరొకటి చేరింది. సంబరాల్లో గాలిలోకి కాల్పులు జరపడాన్ని ప్రత్యేక నేరం చేశారు. పెళ్లిళ్లు, బహిరంగ సమావేశాలు, మతపరమైన స్థలాలు అని పేరుపెట్టి మరీ చెప్పారు. ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా అలా కాల్చితే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఉత్తరాదిలో పెళ్లి ఊరేగింపుల్లో ప్రాణాలు పోయిన సంఘటనలు దీనికి కారణం. మన దగ్గర ఆ అలవాటు అంతగా లేదు, కొత్తగా నేర్చుకోవలసిన అవసరమూ లేదు.

ఇవన్నీ కేంద్రం చేసిన నియమాలా, రాష్ట్రం చేసినవా అని అడిగేవారున్నారు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఆయుధాలు, మందుగుండు కేంద్ర జాబితాలోని 5వ అంశం. కనుక చట్టం ఒక్కటే, ఢిల్లీది. పోలీసు, శాంతిభద్రతలు రాష్ట్ర జాబితాలోనివి గనుక అమలు చేసేది మన కలెక్టరు, మన ఎస్పీ. ఈ అమరిక వల్ల మనకు ఒక మేలు జరిగింది. బడి గేటు దగ్గర రెండు చట్టాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకోవు.

అమెరికాలో పోట్లాడుకుంటాయి. మన పిల్లలు టెక్సాసులోనూ, జార్జియాలోనూ ఉన్నారు గనుక ఆ సంగతీ కొంచెం తెలిసికొందాము. అక్కడి కేంద్ర ప్రభుత్వం 1990లో బడుల చుట్టూ తుపాకీ నిషేధ చట్టం చేసింది. బడి స్థలమూ, దాని హద్దు నుండి వెయ్యి అడుగుల దూరమూ, అంటే సుమారు 305 మీటర్లు, నిషేధ పరిధి. 1992లో టెక్సాసులోని శాన్ ఆంటోనియోలో పన్నెండవ తరగతి చదివే లోపెజ్ అనే విద్యార్థి రివాల్వరుతో బడికి వచ్చి ఈ చట్టం కింద పట్టుబడ్డాడు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1995లో ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపు అయి ఆ చట్టాన్ని కొట్టివేశారు. బడిలో తుపాకీ మంచిదని కాదు. అక్కడి కేంద్రానికి రాష్ట్రాల మధ్య వాణిజ్యం మీద అధికారం ఉంది గాని, బడి ఆవరణ వాణిజ్యం కాదని. మరుసటి ఏడు, 1996లో, రాష్ట్రాల మధ్య వాణిజ్యంలో కదలిన తుపాకీకే వర్తించేలా మాట మార్చి చట్టాన్ని మళ్లీ తెచ్చారు. అదే నేటికీ ఉంది. శిక్ష ఐదేళ్ల వరకు.

దానికి మినహాయింపులున్నాయి. సొంత ఇంటి స్థలంలో ఉంటే పట్టదు. గుళ్లు తీసి, తాళం వేసిన పెట్టెలో పెట్టి తీసుకుపోతే పట్టదు. ఆ బడి ఉన్న రాష్ట్రమే ఇచ్చిన లైసెన్సు ఉంటే పట్టదు. చిక్కు ఈ చివరి దానిలోనే. టెక్సాసు 2021 నుండి, అర్హత ఉన్న పెద్దవారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చునని అనుమతించింది. రాష్ట్రం అనుమతించింది కదా అని లైసెన్సు తీసుకోనివాడు, గుళ్లు నింపిన తుపాకీ కారులో పెట్టుకుని బడి పక్కగా పోయే రోడ్డు మీద వెళితే రాష్ట్ర చట్టం ప్రకారం నిర్దోషి, కేంద్ర చట్టం ప్రకారం నేరస్థుడు. ఊళ్లో వెయ్యి అడుగులలోపు బడి లేని దారి దొరకడం కష్టం.

మన కుటుంబాలకు ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటుంది. విద్యార్థి వీసా మీద, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద అక్కడున్నవారు తుపాకీ కలిగి ఉండడమే కేంద్ర చట్టరీత్యా నిషిద్ధం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్పిస్తే ఇంతే. స్నేహితులు కొన్నారని, దుకాణంలో సులభంగా దొరుకుతుందని మోజుపడితే కేసుతో పాటు వీసా కూడా చేజారవచ్చు. ఫోనులో మాట్లాడేటప్పుడు తిన్నావా, చర్చికి వెళ్లావా అని అడుగుతాము. ఈ ప్రశ్న కూడా ఒకసారి అడగండి.

తిరిగి మన జిల్లాకు వద్దాము. 2024 మే 13న పోలింగునాడూ, ఆ తరువాతి రోజుల్లోనూ పల్నాడులో జరిగినది దేశమంతా చూసింది. మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతాల్లో గొడవలు, 144వ సెక్షను, మూసిన దుకాణాలు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండు చేసి, కలెక్టరును బదిలీ చేసింది. ఊళ్లలో నాటుబాంబులు, పెట్రోలు బాంబులు బయటపడ్డాయి.

ఎన్నికల కాలంలో లైసెన్సు తుపాకీలు పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయించుకుంటారు. అందరివీ ఒక్కలాగే తీసుకోవాలని లేదు. బొంబాయి హైకోర్టు తీర్పు తరువాత ఎన్నికల సంఘం ఇచ్చిన సూచనల ప్రకారం జిల్లాలో ఒక కమిటీ ఒక్కొక్క లైసెన్సునూ పరిశీలించి, నేర చరిత్ర, బెయిలు, పాత ఎన్నికల గొడవలు చూచి నిర్ణయించాలి. బ్యాంకు గార్డులకు, క్రీడాకారులకు మినహాయింపు ఉంటుంది. డిపాజిట్ చేసినవారు రసీదు తప్పక తీసుకోవాలి. పోలింగునాడు మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం 134-బి సెక్షను ప్రకారం విధిలో ఉన్న అధికారులు, పోలీసులు తప్ప ఎవరూ ఆయుధంతో పోలింగు కేంద్రం దరిదాపులకు రాకూడదు. రెండేళ్ల వరకు జైలు ఉంది. నేరం రుజువైతే ఆయుధం జప్తు కావచ్చు, లైసెన్సు రద్దయినట్లే.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. పల్నాడులో మనుషులను చంపినవి లైసెన్సు తుపాకీలా? వేటకొడవళ్లు, నాటుబాంబులు, కర్రలు. వాటికి లైసెన్సు లేదు, షరతు లేదు, యూఐఎన్ నంబరు లేదు. చట్టానికి లోబడి కాగితాలు పెట్టుకున్నవాడినే బడి గేటు దగ్గర ఆపి ఏం లాభం?

మా జవాబు ఇది. ఈ షరతు కక్షలను ఆపలేదు, ఆపుతుందని ఎవరూ అనలేదు. నాటుబాంబు చేసేవాడికి దానికి తగిన చట్టం వేరే ఉంది, 1908 నాటి పేలుడు పదార్థాల చట్టం. దాని శిక్షలు ఇంతకంటె ఎంతో కఠినం. బడి గేటు షరతు చేసే పని వేరు. కక్షలున్న ఊరిలో ఒక వర్గం నాయకుడు నడుముకు రివాల్వరుతో సభలో ముందు వరుసలో కూర్చుంటే, రెండవ వర్గం వారు ఆ సభకు రారు, వస్తే ఖాళీ చేతులతో రారు. సంఘం పిలిచినది ఇద్దరినీ. తుపాకీ లైసెన్సుదా కాదా అని వెనుక వరుసలోని తల్లికి తెలియదు. పిల్లవాడికి అసలే తెలియదు, వాడు చూసేది అది ఎవరి దగ్గర ఉంటే వారికి దక్కే గౌరవం. వాడు రేపు అదే మైదానంలో ఆడుకుంటాడు.

పిల్లల మాట వచ్చింది గనుక ఇంటి సంగతి కూడా. 2007 డిసెంబరులో గుర్గాఁవ్‌లోని ఒక బడిలో ఎనిమిదవ తరగతి బాలుడిని తోటి విద్యార్థులు కాల్చి చంపారు. ఆ పిస్తోలు వారిలో ఒకరి తండ్రిది. 2024 జూలై చివరిలో బీహారులోని సుపౌల్ జిల్లాలో ఐదేళ్ల పసివాడు సంచిలో తుపాకీ పెట్టుకుని బడికి వెళ్లి పదేళ్ల బాలుడి చేతికి గాయం చేశాడు. ఈ రెండు చోట్లా తుపాకీ గేటు దాటింది పిల్లలతోనే, బయలుదేరింది ఇంటి నుండి. తుపాకీని ఇంట్లో గుళ్లు తీసి, తాళం వేసి, పిల్లలకు అందకుండా భద్రపరచడం లైసెన్సుదారుడి బాధ్యత. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలో కొత్త ఇల్లు కట్టేవానికి మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టమని ఆజ్ఞ ఉంది. ఎవడైనా పడితే ఆ రక్తం ఇంటివాడి మీదికి వస్తుంది. పడేవాడు అజాగ్రత్తగా నడిచాడా అని ధర్మశాస్త్రం అడగలేదు, గోడ కట్టావా అని ఇంటివాడినే అడిగింది. తాళం చెవి కూడా అలాంటి గోడే. అది దిండు కింద ఉంటే గోడ సగమే కట్టినట్లు.

చివరగా, అటక మీది తుపాకీలు. తండ్రి చనిపోతే ఆయన లైసెన్సు ఆయనతోనే పోతుంది. ఆ రోజు నుండి ఇంట్లో ఉన్నది లైసెన్సు లేని తుపాకీ. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఇది తోచదు, ఏళ్లు గడిచిపోతాయి. 21వ సెక్షను ప్రకారం అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులోగాని, లైసెన్సున్న డీలరు దగ్గరగాని దానిని అప్పగించి రసీదు తీసుకోవాలి. ఉంచుకోవాలనుకుంటే వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. తండ్రి బ్రతికి ఉండగానే, ఆయనకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ పొంది 25 ఏళ్లు గడిచినా వారసునికి మార్పించుకునే వీలు కూడా ఉంది. 2019 సవరణ తరువాత ఒక మనిషికి రెండు తుపాకీలే, మూడవది అప్పగించవలసిందే. లైసెన్సు గడువు ఇప్పుడు ఐదేళ్లు.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడక ముందు తీసుకున్న లైసెన్సుల మీద గుంటూరు కలెక్టరు ముద్ర ఉంటుంది. ఇప్పుడు పునరుద్ధరణకు పోవలసినది నరసరావుపేట కలెక్టరు కార్యాలయానికి. అక్కడికి వెళ్లినప్పుడు లైసెన్సు మీద యూఐఎన్ నంబరు ఉన్నదా, ఏ ప్రాంతం వరకు చెల్లుతుందని రాసి ఉంది అన్నవి కూడా చూపించుకోండి. పొందుగల వంతెన దాటితే వాడపల్లి, అంటే తెలంగాణ. మన రాష్ట్రం వరకే అని రాసి ఉన్న లైసెన్సు ఆ వంతెన మధ్యలోనే ఆగిపోతుంది.